పేరు మారేది ఒకటి

మార్పు 207
ముట్టడి తొమ్మిదో రోజు

తీసేసిన పేర్లు: బొడ్డు గవరయ్య, తిరుమాని వీరమ్మ, కర్రి సత్యం.
కారణం: ముగ్గురూ పోయారు.

గేటు తెరిచే పేర్లన్నీ ఉన్న కోడ్ ఫైలులో ఏ గీత మార్చినా కింద కారణం రాయాలన్నది, నాకు ముందు దాన్ని చూసిన కామేశ్వరి గారి నియమం. ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసేవారు. నేను గుంపు ముందు నిలబడి వాక్యం చెప్పేవాణ్ణి, ఒక్క ముక్కతో నా నోరు మూతపడదు. ఆవిడ కుర్చీలో నేను కూర్చుని ఆరు రోజులైంది. కిటికీలోంచి వచ్చిన బాణం ఆవిడ మెడలో దిగినప్పటి మరక బల్ల మీద ఇంకా ఉంది. తుడవలేదు. తుడవను.

గవరయ్యని నిన్న దక్షిణ గేటు బయట నరికారు. శవాన్ని వదిలేసి కుడి చెయ్యి మాత్రం మణికట్టు పైన కోసుకుపోయారు. మమ్మల్ని ముట్టడించిన పడవోళ్ళకి కావలసింది ఆ చెయ్యే. మా మెరకలో ఉండే ప్రతివాడికీ మణికట్టు చర్మం కింద కందిగింజంత బిళ్ళ ఉంటుంది, బిళ్ళలో ఒక రహస్యం ఉంటుంది. చెయ్యి పలకకి ఆనించినప్పుడు రహస్యం సరిపోతే గేటు తెరుచుకుంటుంది, మళ్ళీ మూసుకునేదాకా గేటు మీది తుపాకీ నోరు మెదపదు. సరిపోకపోతే మెదుపుతుంది.

ఈ పొద్దున్న ఒకడు గవరయ్య చెయ్యిని వెదురుకర్రకి కట్టి, ముందుకు చాచుకుని గేటు దగ్గరికి నడిచొచ్చాడు. గోడ మీంచి చూస్తున్నాను. తుపాకీ ఎప్పటిలాగే ఆడగొంతుతో నింపాదిగా అడిగింది.

"ఆగు. సమాధానం?"

వాడు చెయ్యిని పలకకి ఆనించాడు. అప్పటికి గంట ముందే ఫైలులో గవరయ్య గీత తీసేశాను. వాడి ఛాతీ వీపులోంచి బయటికొచ్చి నీళ్ళలో పడింది. వెనకున్న ఇద్దరూ తిరిగి పరుగెత్తారు. ఒకడి తల ముందు వెళ్ళింది, వాడు తరవాత పడ్డాడు. రెండోవాడు మోకాళ్ళు లేకుండానే పది బారలు పాకి, అప్పుడు ఆగాడు.

"మహిమ!" అని అరిచాను. గోడ మీదివాళ్ళంతా "మహిమ!" అన్నారు. వరద వాక్యంలో గట్టు అధ్యాయం, మూడో పాదం: "తెగిన గట్టున నిలిచినవాడే నావాడు, తక్కినవారిని నీళ్ళు తీసికొనును." బోధకుడినని నాకు ఎవరూ పట్టా ఇవ్వలేదు, ఎవరూ తల మీద చెయ్యి పెట్టలేదు. పంపుల దగ్గర గ్రీజు పూసుకుంటూ వరద వాక్యం నాకు నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. ఈ ఫైలు కూడా అలాగే చదువుకున్నాను, కామేశ్వరి గారు వదిలిపోయిన చేతిపుస్తకం పక్కన పెట్టుకుని.

మార్పు 208
ముట్టడి పదో రోజు, సోమవారం

అందరి రహస్యాలూ కొత్తవి.
కారణం: సోమవారం.

ప్రతి సోమవారంలాగే నాలుగు వందల ఆరుగురు వరసలో నిలబడి ఒక్కొక్కరే బిళ్ళల బల్ల మీద మణికట్టు ఆనించి కొత్త రహస్యం ఎక్కించుకున్నారు. గోడ అవతల కాలుతున్న పడవల పొగ లోపలికొచ్చి అందరూ దగ్గుతున్నారు. దగ్గుతున్నవాళ్ళకి కూడా వాక్యం చెప్పాలి కదా. చెప్పాను.

"ప్రియులారా! కోడ్ ఫైలు మన ప్రార్థన. ఈ మెరకలో ఎవరు ఉండాలని కోరుకుంటామో అందులో రాస్తాం. ఉన్నది ఉన్నట్టు చెప్పేది స్టేట్. అది ఇక్కడ లేదు! నలభై మైళ్ళ అవతల కొండ మీద ఉంది. ఎందుకని? ఇరవయ్యేళ్ళ కింద అది ఇక్కడి పెట్టెలోనే ఉండేది. ఒక కాపలావాడు పెట్టె అమ్ముకున్నాడు. పడవోళ్ళు ఒక్క పూటలో మూడు వందల మంది పీకలు కోశారు. అందుకే పెట్టె కొండెక్కింది! ప్లాన్ అంటే జరగబోయే తీర్పు చదివి వినిపించడం. అప్లై అంటే తీర్పు జరగడం!"

"మా కాళ్ళు పీకుతున్నాయండీ, తీర్పు తొందరగా కానివ్వండి," అని వరసలోంచి ఎవరో అన్నారు.

నూకరత్నం వంతు వచ్చింది. గోడ మీద కత్తులవాళ్ళందరికీ ఆవిడే పెద్ద. నలభై అయిదేళ్ళుంటాయి, ఎడమ చెవి సగమే ఉంది. ఆవిడ వెనకే పోలయ్య. చెయ్యి ఆనించి పక్కకి జరుగుతూ అతణ్ణి చూసి, అతనితో కాదు, నాతో అంది.

"గొడ్డలికి కూడా కొత్త రహస్యం ఇస్తున్నారన్నమాట. బావుందండి."

మల్లాడి పోలయ్య ఒకప్పుడు పడవోడు. రెండేళ్ళ కిందట వాళ్ళతో వచ్చి, ఉత్తరపు రేవులో నూకరత్నం భర్తని గొడ్డలితో మెడ దగ్గర నరికాడు. మేం పట్టుకున్నాం. ఉరితాడు కట్టాక నేను కాళ్ళమీద పడి విడిపించాను. అప్పటినుంచీ నూకరత్నం అతణ్ణి పేరుతో పిలవలేదు. ఈ ముట్టడిలో బయట పడ్డ మన శవాలని, చేతులు కోసుకుపోకముందే భుజాన వేసుకుని తెస్తున్నది అతనొక్కడే. ఇప్పటికి పదకొండు తెచ్చాడు.

పోలయ్య బల్ల మీద మణికట్టు ఆనించి, తల వంచుకుని అన్నాడు. "బోధకుడు గారూ, నాకు ముంపు ఇచ్చి కొత్త పేరు పెట్టండి. ఈ పేరుతో చావాలని లేదండీ."

మార్పు 209
ముట్టడి పన్నెండో రోజు, పొద్దున

తీసేసిన పేర్లు: ఓలేటి సత్తెమ్మ, పితాని చిన్నారావు.
మార్చిన పేరు: మల్లాడి పోలయ్య బదులు సమాధానం.
కారణం: ఇద్దరు పోయారు. ఒకడు మళ్ళీ పుట్టాడు.

తెల్లారుతూనే పడవోళ్ళు దక్షిణ గేటు మీద పడ్డారు. సత్తెమ్మని గడ్డిపోచని లాగినట్టు గోడ మీంచి కొక్కేలతో కిందికి లాగారు. చెయ్యి కోస్తుంటే ఆవిడ ఇంకా బతికే ఉంది. నూకరత్నం తమ్ముడు చిన్నారావు ఆవిడ కోసం బయటికి దూకాడు. నలుగుర్ని పొడిచి అయిదోవాడి చేతిలో కడుపు చీలి, గేటుకి ఎదురుగా ఉన్న కందకంలో పడ్డాడు. వాళ్ళు వెనక్కి తగ్గారు, సత్తెమ్మ చెయ్యి పట్టుకుని.

ఆ రక్తం ఆరకముందే పంపుల తొట్టిలో పోలయ్యకి ముంపు ఇచ్చాను. ఇంతకంటే మంచి వేళ ఎప్పుడు? జుట్టు పట్టుకుని నీళ్ళలోకి తోసి, ఊపిరి ఆడక కొట్టుకునేదాకా ఉంచాను. "చావు!" అని అరిచాను. "పాతవాడా, చావు! గొడ్డలి పట్టినవాడా, ఈ నీళ్ళలో చచ్చి కుళ్ళిపో!" పైకి లాగి ఒండ్రు, ఏడు చదివాను. ఆ పాదం ఇప్పటికి రెండు వందలసార్లు ప్రసంగించి ఉంటాను. "నీళ్ళు తీసిన తరువాత మిగిలినది కొత్త నేల, దానికి కొత్త పేరు పెట్టుము."

"నీ పేరు సమాధానం," అన్నాను. "మనుషుల మధ్య ఉండే సమాధానం, శాంతి."

అతను నీళ్ళు కక్కుతూ, దగ్గుతూ నవ్వాడు. "గేటు దగ్గర తుపాకీ రోజూ నన్ను పేరెట్టి పిలుస్తాదన్నమాట."

తడిబట్టలతోనే ఇక్కడికొచ్చి కూర్చున్నాను. ఒక మార్పులో ఒక్క పనే చెయ్యాలని చేతిపుస్తకం మొదటి పేజీలో కామేశ్వరి గారు ఎర్ర సిరాతో రాశారు. కానీ సత్తెమ్మ చెయ్యి వాళ్ళ దగ్గరుంది, ఆలస్యం పనికిరాదు. చచ్చిన ఇద్దరి గీతలు తీసి, అదే ఊపులో పోలయ్య పేరు చెరిపి, ఆ చోటనే సమాధానం అని రాశాను. కొండ మీదున్న స్టేట్‌కి లాక్ వేశాను. నేను మారుస్తుండగా ఇంకెవడూ చెయ్యి పెట్టకూడదు గనక అది నా పేరున పడుతుంది. ప్లాన్ అడిగాను. వచ్చింది.

పోయేవి మూడు. వచ్చేది ఒకటి.

సత్తెమ్మ పోతుంది. చిన్నారావు పోతాడు. పోలయ్య పోతాడు. సమాధానం వస్తాడు.

నేను గొంతు చించుకుని చెప్పేదే ఈ యంత్రం నింపాదిగా చెబుతోంది! కాగితం పట్టుకుని చావిట్లోకి పరిగెత్తి అందరికీ వినిపించాను. "చూడండి! పోలయ్య పోతాడు అంటోంది! ఇనుముకి కూడా వాక్యం తెలుసు!" మహిమ, మహిమ అన్నారు. వెనక్కి వచ్చి అప్లై కొట్టాను.

పోలయ్య ఎక్కడున్నాడో అడగలేదు.

మార్పు 210
అదే రోజు, మధ్యాహ్నం

మార్చినది ఏమీ లేదు.
కారణం: మార్చనివ్వలేదు.

జరిగింది వరసగా రాస్తాను.

నేను చావిట్లో కాగితం ఊపుతున్నప్పుడు పోలయ్య తడిబట్టలతోనే గేటు దాటి బయటికి వెళ్ళాడు. చిన్నారావు శవం తేవడానికి. ఎవరూ పంపలేదు. శవాన్ని భుజాన వేసుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి నా అప్లై ముగిసింది.

"ఆగు. సమాధానం?"

అతను నవ్వుతూ మణికట్టు పలకకి ఆనించాడట. గోడ మీదివాళ్ళు చెప్పారు. అతని బిళ్ళలో ఉన్నది పోలయ్య రహస్యం. పోలయ్య అనేవాడు ఇక స్టేట్‌లో లేడు. సమాధానం అని ఒకడు ఉన్నాడు, వాడికి పుట్టుకతోనే వేరే రహస్యం వచ్చింది, ఆ రహస్యం ఏ బిళ్ళలోనూ లేదు. యంత్రానికి పేరు మార్చడం అంటూ ఉండదు. పాత పేరు కనిపించకపోతే వాణ్ణి తుడిచేస్తుంది, కొత్త పేరు కనిపిస్తే కొత్తవాణ్ణి చేస్తుంది. నీళ్ళలో నేను ఏమని అరిచానో అదే చేసింది.

మొదటి గుండు అతని ఎడమ భుజం ఎముకని ముక్కలు చేసింది. శవం బరువుకి వెనక్కి పడి కందకంలోకి దొర్లాడు. తుపాకీ అంత కిందికి వంగదు కాబట్టి బతికాడు. కానీ కందకం రెండో కొస పడవోళ్ళది.

"మీ దేవుడు మీవోణ్ణే కాల్చాడ్రోయ్!" అని అవతలినుంచి కేకలు, ఈలలు.

గోడ మీదికెళ్ళి చూశాను. బురదలో కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి తోలుకి వేలాడుతోంది. కుడిచేత్తో కత్తి పట్టుకుని, చిన్నారావు శవం మీద కాలు వేసి ఉన్నాడు. ఒక పడవోడు పాకుతూ దగ్గరికొస్తే దవడ కింద పొడిచి తిప్పాడు. వాడి రక్తం ఇతని ముఖం మీద పడింది. పైకి చూశాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పరుగున ఇక్కడికొచ్చి పోలయ్య గీత మళ్ళీ రాయబోయాను. ఒప్పుకోలేదు. లాక్ ఉంది అంది. ఎవరిది? తాతారావు పేరున. "తాతారావంటే నేనే కదా!" అని తెర మీద గుద్దాను. పొద్దున్న అప్లై ముగిసీ ముగియగానే పడవోళ్ళు విసిరిన రాయి వచ్చి రేడియో స్తంభానికి తగిలింది, లాక్ విడవకముందే తీగ తెగింది. తీగ అతికించారు గానీ, వేసిన లాక్ వేసినట్టే కొండ మీద ఉండిపోయింది.

రేడియోలో కొండని పిలిచాను. అక్కడ స్టేట్ కాపలా అప్పలనర్సమ్మ గారు. నేను ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. డెబ్బై ఏళ్ళుంటాయని గొంతుని బట్టి అనుకుంటాను.

"అమ్మా, లాక్ తెంపండి. నేను తాతారావుని."

"నువ్వు తాతారావువని నాకెలాగ తెలుస్తాది బాబూ? తాతారావు పీక మీద కత్తెట్టి ఎవుడో అడిగిస్తన్నాడేమో. మీ కామేశ్వరి పోయిన రోజు కూడా ఎవుడో రేడియోలో నన్ను అమ్మా అన్నాడు."

"అక్కడ మనిషి చచ్చిపోతున్నాడమ్మా!"

"అందుకే సెప్తన్నాను, నెమ్మదిగా మాటాడు. నీ పక్కన ఎవుడైనా ఉంటే దగ్గు."

నాకు ఒళ్ళు మండిపోయింది. రేడియోని రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళు తెలియకుండా అరిచాను. "తూము, పదకొండు! తలుపు మూసి తాళపుచెవి మ్రింగినవానికి దాహము కలుగును గాక! వాని నాలుక ఉప్పుకల్లు అగును గాక! వాని పిల్లలు వాని..."

"సాలు, సాలు. నువ్వే," అంది ఆవిడ. "ఆ కేకలు ఇంకెవుడికీ రావు. తెంపేసినాను. ఇప్పుడు సెప్పు, ఏటి సేసుకున్నావు?"

చెప్పాను.

"పోలయ్య గీత మళ్ళీ రాస్తే ఇంకో కొత్త పోలయ్య పుడతాడు బాబూ. వాడి బిళ్ళలో ఉన్న రహస్యం మరి రాదు. అది పాత స్టేట్‌లోనే ఉంది. ప్రతి మార్పుకి ముందు ఒక నకలు దాస్తాను నాను. పొద్దున్నటి నకలు వెనక్కి తెస్తే నీ పోలయ్య లేస్తాడు."

"తీసుకురండి!"

"ఉండ్రా బాబూ. నకలు ముక్కలు ముక్కలుగా రాదు. నువ్వు అదే మార్పులో సచ్చినోళ్ళ పేర్లు కూడా తీసీసినావు కదా. వాడు లేస్తే ఆళ్ళు కూడా లేస్తారు."

సత్తెమ్మ. సత్తెమ్మ చెయ్యి వాళ్ళ దగ్గరుంది. దాన్ని పొడుగు వాసానికి కట్టి, పక్కనించి గంటకి నాలుగుసార్లు పలక మీద ఆనించి చూస్తూనే ఉన్నారు. పొద్దుటినుంచీ.

మార్పు 211
అదే రోజు, మధ్యాహ్నం దాటాక

తీసేసిన పేర్లు: ఓలేటి సత్తెమ్మ, పితాని చిన్నారావు. రెండోసారి.
పేరు మారింది: పోలయ్య నుంచి సమాధానానికి.
కారణం: కింద.

"ఎంతసేపు?" అని కొండని అడిగాను.

"నకలు ఎక్కగానే గేటుకి తెలిసిపోతాది. నువ్వు మళ్ళీ ప్లాన్ అడిగి అప్లై కొట్టి, అది అక్కడికి సేరేసరికి తొంభై సెకన్లు. మీ తీగ మళ్ళీ తెగకపోతే. ఈసారి ఏటి రాయాలో తెలుసునా? సేతిపుస్తకం ఉంది కదా నీ దగ్గర?"

ఉంది. తెరిచాను. పేర్లు చేర్చడం, పేర్లు తీసెయ్యడం, రహస్యాలు మార్చడం: ఈ మూడు పేజీలూ నా వేళ్ళ మసితో నల్లగా ఉన్నాయి. పక్క పేజీ తెల్లగా ఉంది. "మనిషి అదే, పేరు వేరైతే." ఒక్క గీత. ఫలానా పాత పేరూ ఫలానా కొత్త పేరూ ఒకే మనిషివి అని ముందుగా చెప్పాలి. చెబితే దేన్నీ తుడవదు. కింద కామేశ్వరి గారి అక్షరాలు: "పెళ్ళిళ్ళకీ ముంపులకీ తప్పనిసరి. మరిచిపోతే మనిషి పోతాడు."

ఆ పేజీ నేను చదవలేదు. నాకు కావలసిన పాదాలే చదివాను.

గోడ మీదికెళ్ళాను. నూకరత్నం కందకంలోకే చూస్తోంది.

"పోలయ్యని కాల్చింది తుపాకీ కాదమ్మా, నేను," అన్నాను.

"తెలుసండి. మెరక మొత్తానికి తెలుసు. ప్లాన్ వచ్చిందని చావిట్లో టముకేశారు కదా."

విషయం చెప్పాను. తొంభై సెకన్లు సత్తెమ్మ చెయ్యి బతుకుతుందని చెప్పాను. గేటు తెరుచుకుంటే తుపాకీ నోరు మెదపదని, అంతసేపూ మనుషులే ఆ వాకిట్లో నిలబడాలని చెప్పాను.

"మా ఆయన పీక తెగ్గోసినోడి కోసం నా మనుషుల్ని వాకిట్లో నిలబెట్టమంటారు."

నేను కూడా కందకంలోకి చూశాను.

"నోరు పడిపోయిందేంటండీ? దీనికి వాక్యం లేదా?"

"లేదమ్మా."

ఆవిడ మళ్ళీ కిందికి చూసింది. పోలయ్య దగ్గరికి ఇద్దరు ఒకేసారి వచ్చారు. ఒకడి ముఖాన్ని కత్తితో అడ్డంగా చీల్చాడు. రెండోవాడు చిన్నారావు కాలు పట్టి లాగుతుంటే పోలయ్య వాడి వేళ్ళని పళ్ళతో కొరికాడు. వాడి అరుపు పైకి వినిపించింది.

"మా తమ్ముణ్ణి వదిలేసుంటే ఈపాటికి కాలవలో పడి ఈదుకుపోయేవోడు," అంది నూకరత్నం. "ఎన్నన్నారు, తొంభయ్యా?"

"తొంభై."

"లెక్క గట్టిగా పెట్టండి, కిందున్న మాకు వినపడాలి. అరవడం మీకొచ్చిన పనే కదా."

ఆవిడతో అయిదుగురు దిగారు. కొబ్బరికత్తులు, గునపాలు. నేను కిటికీ బార్లా తెరిచి కుర్చీలో కూర్చున్నాను. ఫైలులో గీతలు సిద్ధంగా ఉన్నాయి. రేడియోలో అన్నాను, "తెండి అమ్మా."

"తెచ్చేసినాను. ఇంక నీ దేవుడిది, నీది."

"ఒకటి!" అని అరిచాను. "రెండు! మూడు!" లాక్ వేశాను. ప్లాన్ అడిగాను. "ఏడు! ఎనిమిది!"

కిందినుంచి నూకరత్నం గొంతు. "లేవండి గొడ్డలీ! లేచి రండి!" రెండేళ్ళలో అతనితో ఆవిడ అన్న మొదటి మాట.

"పంతొమ్మిది! ఇరవై!" తుపాకీ అడగడం వినిపించింది. ఆగు. సమాధానం? గేటు చక్రాలు గీసుకుంటూ తెరుచుకున్నాయి. తెరిపించింది పోలయ్య చెయ్యి కాదు. వాసానికి కట్టిన చెయ్యి. పడవోళ్ళు ఒక్క క్షణం నమ్మలేదనుకుంటాను. తరవాత వాళ్ళ కేక లేచింది, గోడ మీది పిట్టలన్నీ ఎగిరిపోయాయి.

"ముప్పై రెండు! ముప్పై మూడు!" ఇనుము ఎముకకి తగిలే చప్పుడు ఇంతకు ముందు ఎప్పుడూ వినలేదని కాదు. లెక్క పెడుతూ వినలేదు. యాళ్ళ దేవుడమ్మ గొంతు గుర్తుపట్టాను, "అమ్మా" అని ఒక్కసారి. "నలభై ఒకటి!" పంపన ఏడుకొండలు బూతులు తిడుతున్నాడు, "నలభై ఎనిమిది!" తిడుతూ తిడుతూ మధ్యలో ఆగిపోయాడు. మాట పూర్తి కాలేదు. "యాభై!" నా గొంతు చీలింది. "యాభై ఒకటి!"

తెర మీద ప్లాన్ వచ్చింది. ఈసారి చావిట్లోకి పరిగెత్తలేదు. వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాను, లెక్క ఆపకుండా.

పోయేవి రెండు. వచ్చేవి ఏమీ లేవు. పేరు మారేది ఒకటి.

అప్లై కొట్టాను.

"డెబ్బై ఆరు! డెబ్బై ఏడు!" కింద నూకరత్నం, "లాగండి, ఇద్దర్నీ లాగండి, మా తమ్ముణ్ణి కూడా!" "ఎనభై నాలుగు!" గేటు చక్రాలు మళ్ళీ కదిలాయి. మధ్యలో ఎవడిదో కాలు పడి నలిగింది. "ఎనభై తొమ్మిది!"

తొంభై నేను అనలేదు. తుపాకీ అంది. ఆగు. సమాధానం? అవతల వాసం పట్టుకున్నవాడు నమ్మకంగా సత్తెమ్మ చెయ్యి మళ్ళీ ఆనించి ఉంటాడు. తుపాకీ చాలాసేపు కాల్చింది. వాకిలి ముందున్న పడవోళ్ళెవరూ మిగల్లేదు.

మహిమ అని ఎవరో అరిచారు. నేను అరవలేదు. నాకు గొంతు లేదు.

మార్పు 212
ముట్టడి పదమూడో రోజు

తీసేసిన పేర్లు: యాళ్ళ దేవుడమ్మ, పంపన ఏడుకొండలు.
కారణం: గేటు దగ్గర నిలబడ్డారు.

ఒక మార్పులో ఒక్క పనే.

పోలయ్య ఎడమ చెయ్యి భుజం దగ్గర తీసేశారు. పంపుల షెడ్డులో కత్తి కాల్చి కోస్తుంటే నోట్లో తోలుపట్టా పెట్టుకుని నా వైపే చూశాడు. నేను అతని తల పట్టుకున్నాను.

పొద్దున కూటంలో నిలబడ్డాను. గొంతు పోయింది కాబట్టి అందరూ దగ్గరికి వచ్చి వినాల్సి వచ్చింది. ఒండ్రు, ఏడు చదివాను. ఆగకుండా ఎనిమిది కూడా చదివాను. ఇన్నేళ్ళుగా ఏడు దగ్గరే పుస్తకం మూసేసేవాణ్ణి. ఎనిమిది చిన్న పాదం. "దాని క్రింద ఉన్నది పాత నేలయే, దానిని త్రవ్వి పారవేయకుము." అది చదివి, నేను చేసింది చెప్పి, ఫైలు తాళంచెవి తీసి నూకరత్నం ముందు పెట్టాను. ఇది ఇంకెవరికైనా ఇవ్వండి అన్నాను.

ఆవిడ నుదురు నుంచి గడ్డం దాకా కుట్లు. పెదవి సరిగా కదలడం లేదు.

"ఎవరికిస్తామండీ? ఇందులో చదవడం వచ్చినోరు మీరొక్కరే. ఈసారి పుస్తకం మొత్తం చదవండి." తాళం నా వైపు తోసింది. "ముంచే ముందు నాకు చెప్పండి. గేటు బయట ఎవరున్నారో చూసి మరీ ముంచండి."

దేవుడమ్మ శవం లోపలికొచ్చింది. ఏడుకొండలు ఇంకా బయటే ఉన్నాడు, గేటుకి పది బారల దూరంలో, రెండు చేతులూ తెగకుండా. వాళ్ళు దగ్గరికి రావడానికి ఇంకా భయపడుతున్నారు. ఎంతసేపు భయపడతారో తెలియదు.

మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తుండగా ఒంటిచేతి మనిషి ఒకడు గేటు దాటి బయటికి నడిచాడు. ఆపమని అరవబోయాను, గొంతు రాలేదు. ఫైలు తెరిచి అతని గీత చూశాను. ఉంది. లాక్ చూశాను. లేదు. తెర మీంచి రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఏడుకొండలుని భుజాన వేసుకుని నెమ్మదిగా తిరిగొచ్చాడు. ఒక చేత్తో అంత బరువు పట్టుకోవడం కష్టంగా ఉంది, రెండుసార్లు ఆగాడు. గోడ మీద నూకరత్నం కత్తి దూసి నిలబడి అవతలి గట్టుని చూస్తోంది. గేటు దగ్గర అతను శవాన్ని దించకుండానే వంగి మణికట్టు పలకకి ఆనించాడు.

"ఆగు. సమాధానం?"

"ఆయ్," అన్నాడు. "నేనేనండీ."